పిక్కలో ఉన్నదెంత, గుద్దులో పుట్టిందెంత: భారీ అయాన్ల తాకిడిలో కణాల లెక్క

పలాసలో జీడి పిక్కను కాల్చి కొట్టినా, ఆవిరికి ఉడికించి కోసినా బయటికొచ్చేది లోపల ఉన్న పప్పే. సరిగ్గా పడితే గుండు, చీలితే బద్ద, చితికితే ముక్క. ఎంత నేర్పుగా కొట్టినా ఒక్క పిక్కలోంచి రెండు పప్పులు రావు. యంత్రంలో గుద్దించే సీసం కేంద్రకాల దగ్గర (భారీ అయాన్లంటే ఇలాంటి బరువైన కేంద్రకాలే) ఈ న్యాయం చెల్లదు.

సీసం కేంద్రకంలో 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు ఉంటాయి. రెండూ కలిపి 208 న్యూక్లియాన్లు. జెనీవా పక్కన సెర్న్ అనే కణభౌతిక పరిశోధన సంస్థలో, కణాలను వేగంగా తిప్పి గుద్దించే 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న ఎల్‌హెచ్‌సీ యంత్రంలో ఇలాంటి కేంద్రకాలు రెండు ఎదురెదురుగా వస్తాయి. న్యూక్లియాన్ జతకు 5.02 టీఈవీ (ఒక టీఈవీ అంటే లక్ష కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు) శక్తితో నిండుగా గుద్దుకున్నప్పుడు విద్యుదావేశం ఉన్న కణాలే సుమారు 21,000 వెలువడతాయి. ఆవేశం లేనివాటిని కూడా కలిపితే 30,000 దాటిపోతాయి. లోపలికి వెళ్లినవి 416 న్యూక్లియాన్లు మాత్రమే. శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో ఎమ్మెస్సీ చదివే పిల్లలు కూడా చాలామంది "కేంద్రకం పగిలి ముక్కలు వెలువడ్డాయి" అని రాసేస్తారు. ముక్కలు వెలువడిన మాట నిజమే, కానీ ఆ 30,000లో వాటి వాటా చాలా తక్కువ. మిగతావన్నీ గుద్దుకున్న చోట శక్తి నుంచి కొత్తగా పుట్టినవి.

ఆ శక్తి ఎంతో కట్టి చూద్దాం. 208ని 5.02తో గుణిస్తే 1,044 టీఈవీ. మన కొలతల్లోకి మారిస్తే జౌలులో ఆరు వేలో వంతు. డబ్ల్యూ 320 రకం జీడిపప్పు ఒక్కటి సుమారు 1.4 గ్రాములు తూగుతుంది. దాన్ని బల్ల మీంచి ఒక సెంటీమీటరు పైచిలుకు ఎత్తడానికి ఈ శక్తి సరిపోతుంది, అంతే. ఇంత కొంచెం శక్తిని సెంటీమీటరులో లక్షకోట్లో వంతుకు కాస్త పైన వెడల్పున్న చోట కుక్కడమే అసలు విశేషం.

కొత్త కణాలు ఎన్ని పుట్టినా రెండు ఖాతాలు మాత్రం చెదరవు. ఒకటి ఆవేశం. రెండు కేంద్రకాలవీ కలిపి 164 ధనావేశాలు లోపలికి వెళ్లాయి. బయటికొచ్చిన ధనావేశాల్లోంచి రుణావేశాలను తీసేస్తే మళ్లీ 164 రావాలి. రెండోది బేరియాన్ల ఖాతా. ప్రోటాన్, న్యూట్రాన్ లాంటివి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి, వాటి ప్రతికణాలను తీసేస్తే 416 మిగలాలి. పయాన్లు అనే తేలిక కణాలకు బేరియాన్ సంఖ్య సున్నా కాబట్టి, శక్తి ఉన్నంత మేర ఎన్నయినా పుట్టవచ్చు. వచ్చిన కణాల్లో పయాన్లదే పెద్ద పీట కావడానికి అదొక కారణం. అన్నిట్లోకీ తేలికైనవి కావడం రెండో కారణం. ఈ రంగంలో బరువును కూడా శక్తి కొలతలోనే చెబుతారు: ఆవేశమున్న పయాన్ బరువు 140 ఎంఈవీ (ఒక ఎంఈవీ పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు), ప్రోటాన్‌ది 938.

నాలుగు పుట్టిళ్లు

తాకిడి తర్వాత కనబడే కణం ఎక్కడిదని అడిగితే నాలుగు జవాబులు ఉంటాయి. ఈ నాలుగింటినీ విడదీయడం మీదే ఈ రంగంలో సగం పని నడుస్తుంది.

రెండు కేంద్రకాలు ప్రతిసారీ మధ్యకు మధ్య తగలవు. ఒకదాని అంచు ఇంకోదాని అంచును రాసుకుంటూ పోవడమే ఎక్కువ. ఒకదానిమీద ఒకటి పడిన భాగంలో ఉన్న న్యూక్లియాన్లు తాకిడిలో పాల్గొన్నవి, మిగిలినవి ప్రేక్షకులు. ప్రేక్షకుల్లో దూసుకొచ్చే కేంద్రకానికి చెందినవి దాదాపు అదే వేగంతో, అదే దారిలో ముందుకు సాగిపోతాయి. అవి ఒక్కో ప్రోటాన్‌గానో, హీలియం కేంద్రకంగానో, ఇంకా పెద్ద ముక్కగానో బయటపడతాయి. ఇది మొదటి పుట్టిల్లు.

ఒక కేంద్రకం కదలకుండా ఉండి ఇంకోటి వచ్చి తగిలే ప్రయోగాల్లో, నిలబడి ఉన్న కేంద్రకం వైపు కథ వేరు. పాల్గొన్న భాగంలోంచి తన్నుకొచ్చిన కణాలు మిగిలిన భాగం గుండా పోతూ కొన్ని ప్రోటాన్లను బయటికి తోసేస్తాయి. అవి మధ్యరకం వేగంతో వస్తాయి. ఇది రెండో పుట్టిల్లు. ఈ తోపులాట ముగిశాక మిగిలిన కేంద్రకం వేడెక్కి ఉంటుంది. చోడి అంబలి కుండను పొయ్యి మీంచి దించాక కూడా కాసేపు ఆవిరి లేస్తూనే ఉంటుంది కదా, అలాగే ఈ వేడి ముద్ద నుంచి ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఆల్ఫా కణాలు (హీలియం కేంద్రకాలు) నింపాదిగా అన్ని దిక్కులకూ ఒకే తీరుగా జారుకుంటాయి. దీన్ని బాష్పీభవనం అనే అంటారు. ఇది మూడో పుట్టిల్లు. తాకిడి అయిపోయి, కేంద్రకాల లెక్కలో చాలాకాలం గడిచాక జరిగే పని ఇది. అందుకే ఈ కణాల తీరు చూస్తే ఏ దిక్కు నుంచి దెబ్బ పడిందో దాదాపు పోల్చుకోలేం.

నాలుగోది, అసలైనది, పాల్గొన్న భాగం. పయాన్లు, వాటికంటే బరువైన కేయాన్లు, కొత్త ప్రోటాన్-ప్రతిప్రోటాన్ జతలు పుట్టేది అక్కడే.

ఎమల్షన్‌లో చదవడం

ఈ నాలుగింటినీ ఒకే చోట కంటితో చూడగలిగిన పరికరం ఒకటుంది, అది ఫోటో ఎమల్షన్, అంటే వెండి బ్రోమైడ్ గింజలు కలిపిన జెలటిన్ పొర. ఎల్‌హెచ్‌సీ డిటెక్టర్ల ముందు పాతబడినట్టు కనిపించినా, నాలుగు పుట్టిళ్ల సంగతి తలకెక్కాలంటే దీన్ని మించిన బడి లేదు. మన దేశానికి దీనితో పాత చుట్టరికమే ఉంది. 1930ల చివర్లో దేవేంద్రమోహన్ బోస్, బిభా చౌధురి డార్జిలింగ్ కొండల మీద ఫోటో ప్లేట్లను విశ్వకిరణాలకు చూపించి, అందులో మెసాన్ల (ఎలక్ట్రాన్‌కూ ప్రోటాన్‌కూ మధ్య బరువున్న కణాల) జాడలను చదివారు. అప్పట్లో వాళ్లకు దొరికిన ప్లేట్లు నాసిరకం. మెరుగైన ఎమల్షన్ చేతికొచ్చాక సెసిల్ పావెల్ బృందం 1947లో పయాన్‌ను పట్టుకుంది.

మామూలు ఫోటో ఫిల్ముకూ దీనికీ తేడా రెండు విషయాల్లో ఉంది. కేంద్రక ఎమల్షన్‌లో వెండి బ్రోమైడ్ పాలు చాలా ఎక్కువ, బరువులో ఐదింట నాలుగు వంతులు దాటుతుంది. మందం కూడా ఎక్కువ, ఒక్కో పొర 600 మైక్రాన్ల దాకా ఉంటుంది. బ్రోమైడ్ గింజలు మైక్రాన్‌లో మూడో వంతు కూడా ఉండవు. ఆవేశమున్న కణం పోయిన దారిలో కొన్ని గింజలు మేల్కొంటాయి, డెవలప్ చేస్తే అవి నల్లటి చుక్కల వరుసగా కనబడతాయి. దాదాపు కాంతివేగంతో పోయే ఒంటి ఆవేశపు కణం 100 మైక్రాన్ల దారిలో 20 నుంచి 30 చుక్కలు వదులుతుంది. నెమ్మదిగా పోయేది ఎక్కువ చుక్కలు వదులుతుంది. ఇంకా నెమ్మదిస్తే చుక్కలు కలిసిపోయి నల్లటి గీత అవుతుంది. చదవడమంతా ఈ చుక్కల సాంద్రత మీదే ఆధారపడి ఉంటుంది.

దాన్నిబట్టే మూడు పేర్లు వచ్చాయి. చుక్కల సాంద్రత కనీస విలువకు 1.4 రెట్ల లోపు ఉంటే షవర్ ట్రాక్. ఆ కణం వేగం కాంతివేగంలో 0.7 వంతుకు పైన ఉన్నట్టు. వీటిలో ఎక్కువ భాగం కొత్తగా పుట్టిన పయాన్లు. వేగం 0.3కూ 0.7కూ మధ్య ఉండి, ఎమల్షన్‌లో 3 మిల్లీమీటర్లకు మించి ప్రయాణిస్తే గ్రే ట్రాక్. ఇవి సుమారు 30 నుంచి 400 ఎంఈవీ శక్తి గల ప్రోటాన్లు, అంటే తోపుడు పడినవి. 3 మిల్లీమీటర్ల లోపే ఆగిపోయేది బ్లాక్ ట్రాక్. ఇవి 30 ఎంఈవీ లోపు ప్రోటాన్లు, ఆల్ఫాలు, అంటే ఆవిరైనవి. గ్రే, బ్లాక్ రెండూ కలిపితే బరువు ట్రాకుల సంఖ్య.

ఈ మూడు తరగతుల హద్దులు గీసింది వేగాన్ని బట్టి, పుట్టుకను బట్టి కాదు. ఇది మరిచిపోతే తప్పులో కాలేసినట్టే. 56 ఎంఈవీ లోపు నెమ్మది పయాన్ కూడా గ్రేలోకే వచ్చి పడుతుంది. 400 ఎంఈవీ దాటిన తోపుడు ప్రోటాన్ షవర్‌లో కలిసిపోతుంది. చిక్కని తోపులాటలో పుట్టిన నెమ్మది ప్రోటాన్ బ్లాక్‌గా కనబడుతుంది. కొన్ని శాతాల కల్తీ తప్పదు. గ్రే ట్రాకులన్నీ తోపుడు ప్రోటాన్లేనని రాసిన థీసిస్ చూస్తే పరీక్షకుడు మొదట అక్కడే వేలు పెడతాడు.

ఇంకో చిక్కు ఎమల్షన్‌లో ఉన్నది ఒక్క రకం లక్ష్యం కాకపోవడం. వెండి, బ్రోమిన్ బరువైనవి. జెలటిన్‌లోని కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ తేలికవి. హైడ్రోజన్ కూడా ఉంటుంది. ఏ కేంద్రకానికి తగిలిందో ఎవరూ చెప్పరు, బరువు ట్రాకుల్ని లెక్కపెట్టి ఊహించాలి. ఎనిమిది, అంతకు పైన ఉంటే వెండి లేదా బ్రోమిన్ అని నమ్మకంగా చెప్పవచ్చు. ఎందుకంటే ఆక్సిజన్ మొత్తం పగిలి పొడయినా దాని ఖాతాలో ఉన్న ఆవేశాలే ఎనిమిది, అవన్నీ విడివిడి బరువు ట్రాకులుగా రావడం అరుదు. రెండు నుంచి ఏడు దాకా ఉంటే తేలిక కేంద్రకాలనీ, సున్నా లేదా ఒకటి అయితే హైడ్రోజన్ అనీ రాయడం వాడుక. ఈ రెండో భాగం మాత్రం అంత గట్టిది కాదు. వెండి కేంద్రకం అంచును రాసుకుపోయిన తాకిడిలో కూడా మూడు నాలుగు ట్రాకులే రావచ్చు. అది తేలిక కేంద్రకాల గంపలో పడిపోతుంది.

ఒక సంఘటనను చదివి చూద్దాం. న్యూక్లియాన్‌కు 200 జీఈవీ (ఒక జీఈవీ అంటే వెయ్యి ఎంఈవీ) శక్తితో వచ్చిన ఆక్సిజన్ కేంద్రకం ఎమల్షన్‌లో తగిలిందనుకుందాం. 8 బ్లాక్, 5 గ్రే, 62 షవర్ ట్రాకులు ఉన్నాయి. ముందు దిక్కున సన్నటి శంకువులో రెండు ఆవేశాల ముక్క ఒకటి, ఒంటి ఆవేశపువి రెండు. బరువు ట్రాకులు 13, కాబట్టి తగిలింది వెండికో బ్రోమిన్‌కో. ముందుకు పోయిన ప్రేక్షకుల ఆవేశం రెండూ రెండూ నాలుగు. ఆక్సిజన్‌లో ఎనిమిది ఆవేశాలు, కాబట్టి పాల్గొన్నవి నాలుగు ప్రోటాన్లు. న్యూట్రాన్లు కూడా అన్నే ఉంటాయనుకుంటే ఎనిమిది న్యూక్లియాన్లు, సరిగ్గా సగం కేంద్రకం. న్యూట్రాన్లు గీత గీయవు కాబట్టి ఆ సగం లెక్క మన ఊహే.

ఆ సన్నటి శంకువు ఎంత సన్నం? వాడుకలో ఉన్న సూత్రం సులభం. 0.2ను న్యూక్లియాన్ ఒక్కదాని ద్రవ్యవేగంతో భాగిస్తే రేడియన్లలో కోణం వస్తుంది. ఆ 0.2 జీఈవీ కేంద్రకం లోపల న్యూక్లియాన్ల సొంత కదలికకు సంబంధించినది. రష్యాలోని దుబ్నాలో ఒకప్పుడు నడిచిన సింక్రోఫాసోట్రాన్ యంత్రంలోలా న్యూక్లియాన్‌కు 4.5 జీఈవీ ఉన్నప్పుడు ఇది రెండున్నర డిగ్రీల పైచిలుకు. 200 జీఈవీ దగ్గర రేడియన్‌లో వెయ్యో వంతు మాత్రమే. అంటే తాకిడి బిందువు నుంచి ఒక మిల్లీమీటరు దూరం పోయాక కూడా ఆ ట్రాకుల మధ్య ఎడం ఒక మైక్రాన్ ఉంటుంది. ఒక చుక్క వెడల్పే దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి, ఇంకా అయిదారు మిల్లీమీటర్లు ముందుకు జరిగితే గానీ వాటిని విడదీసి ఎంచలేం. ఒంటి ఆవేశపు ముక్కకూ ఆ శంకువులోనే పోయే పయాన్‌కూ చుక్కల్లో తేడా ఏమీ కనబడదు. ముక్క ఆవేశం రెండా మూడా అన్నది తేల్చడానికి డెల్టా కిరణాలు అనే పక్క గీతల్ని లెక్కపెడతారు. వాటి సంఖ్య ఆవేశం వర్గంతో పాటు పెరుగుతుంది. ఒకటికి ఒక పాలయితే రెండుకు నాలుగు, మూడుకు తొమ్మిది.

వెతికే పద్ధతిలోనూ మోసం ఉంటుంది. ప్లేటును అడ్డంగా గాలిస్తూ పోతే పెద్ద నక్షత్రాల్లా కనబడే సంఘటనలు కంట పడతాయి, రెండు మూడు ట్రాకులున్నవి తప్పిపోతాయి. సగటు కట్టగానే అది పైకి తేలుతుంది. అందుకే వచ్చిన ప్రతి కేంద్రకం ట్రాకునూ అంచు నుంచి పట్టుకుని, తాకిడి జరిగే దాకానో ప్లేటు దాటే దాకానో వెంబడించాలి. ఒళ్లు వంచాల్సిన పని. ప్లేటు పైతలానికి గానీ అడుగుకు గానీ 20, 30 మైక్రాన్ల లోపు జరిగిన తాకిళ్లను తీసేయాలి, వాటి ట్రాకులు కొన్ని ప్లేటు బయటికి పోయి ఉంటాయి.

ఎంత బాగా వెతికామో కొలవడానికి ఇద్దరు విడివిడిగా ఒకే భాగాన్ని గాలిస్తారు. మొదటివారికి 180 సంఘటనలు, రెండోవారికి 170 దొరికాయి, ఇద్దరికీ దొరికినవి 153 అనుకుందాం. రెండోవారి 170లో మొదటివారు పట్టుకున్నవి 153, అంటే మొదటివారి సామర్థ్యం 90 శాతం. అదే లెక్కన రెండోవారిది 85 శాతం. అసలు ఉన్నవి 180ని 170తో గుణించి 153తో భాగిస్తే 200. ఇద్దరూ కలిసి పట్టుకున్నవి 197. చూడటానికి ముచ్చటగా ఉంది గానీ ఈ లెక్క ఒక షరతు మీద నిలబడింది. ఒకరు తప్పిపోవడానికీ ఇంకొకరు తప్పిపోవడానికీ సంబంధం ఉండకూడదు. మరీ చిన్న సంఘటనలు ఇద్దరి కళ్లకూ ఒకే కారణంతో తప్పిపోతాయి. అప్పుడు 200 అన్న అంకే తక్కువ.

కోణాల కొలతకు వస్తే మన తీరం వాళ్లకు సొంతమైన ఇబ్బంది ఒకటుంది. డెవలప్ చేశాక మిగిలిన బ్రోమైడ్‌ను హైపోలో కరిగించి తీసేస్తారు. మందంలో సగానికి పైగా పోతుంది. లోతు కొలతను రెండున్నర అటూ ఇటూ ఉండే గుణకంతో పెంచి అసలు లోతు రాబట్టాలి. జెలటిన్ తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఎమల్షన్ సాంద్రతను ఘన సెంటీమీటరుకు 3.8 గ్రాములని పుస్తకాల్లో రాసేది 58 శాతం తేమ దగ్గర. కళింగపట్నం వైపు వానాకాలంలో తేమ 80 శాతం దాటడం మామూలే. పొద్దున్న ఏసీ గదిలో కొలిచిన మందం, మధ్యాహ్నం కరెంటు పోయాక కొలిచిన మందం ఒకటి కావు. గుణకాన్ని ఏడాదికొకసారి కాకుండా కొలతకు కూర్చున్న ప్రతిసారీ చూసుకోవాలి. సన్నటి కోణాల దగ్గర అది కూడా చాలదు. పక్కనే తాకిడి లేకుండా సాగిపోయిన మరో కేంద్రకం ట్రాకును ఆనవాలుగా పెట్టుకుని, దాన్నుంచి ఎంత ఎడం జరిగిందో కొలుస్తారు. ప్లేటు వంకరలు రెండింటికీ ఒకటే కాబట్టి తీసివేతలో పోతాయి.

వానాకాలపు తేమ, వేడి ఇంకో పని కూడా చేస్తాయి. కిరణాలకు చూపించిన ప్లేటును డెవలప్ చేయకుండా వారాల తరబడి ఉంచితే, మేల్కొన్న గింజలు మళ్లీ నిద్రపోతాయి. అప్పుడు షవర్ ట్రాకుల్లో చుక్కలు పలచబడి కంటికి ఆనవు. ఫలితంలో కొత్త కణాల సంఖ్య తగ్గినట్టు కనబడుతుంది. అది భౌతికశాస్త్రం కాదు, బీరువా సంగతి.

ఎదురెదురు యంత్రంలో

ఎల్‌హెచ్‌సీలో నిలబడిన కేంద్రకం ఉండదు, రెండూ పరుగెత్తేవే. గ్రే, బ్లాక్ అన్న మాటలకు అక్కడ చోటు లేదు. రెండు వైపుల ప్రేక్షకులూ బీమ్ గొట్టంలోనే ముందుకు పోతాయి. తాకిడి చోటుకు వంద మీటర్లకు పైగా దూరంలో అటూ ఇటూ పెట్టిన చిన్న కెలోరీమీటర్లు (శక్తిని కొలిచే పరికరాలు) దారి తప్పిన న్యూట్రాన్లనూ ప్రోటాన్లనూ పట్టుకుంటాయి. ప్రేక్షకులు తక్కువైతే తాకిడి నిండైనదని చెప్పాలి కదా, ఇక్కడే ఒక గమ్మత్తు ఉంది. మరీ అంచు తాకిళ్లలో ప్రేక్షకులు విడివిడి న్యూక్లియాన్లుగా రాలిపోకుండా పెద్ద ముక్కలుగా మిగులుతాయి. వాటి ఆవేశానికీ బరువుకూ ఉండే నిష్పత్తి సీసానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అయస్కాంతాలు వాటిని బీముతో పాటే గొట్టంలో తిప్పేస్తాయి. కెలోరీమీటరులో శక్తి మళ్లీ తక్కువే కనబడుతుంది. నిండు తాకిడికీ, మరీ అంచు తాకిడికీ ఒకే రీడింగు వచ్చినట్టు. అందుకే దాన్ని ఒంటరిగా నమ్మరు.

నమ్మేది వెలువడిన కణాల సంఖ్యనే. లక్షల తాకిళ్లను కణాల సంఖ్యను బట్టి పెద్దదాన్నుంచి చిన్నదాని దాకా వరుసలో పెట్టి, పైనుంచి వందలో ఐదు వంతులను 0-5 శాతం తరగతి అంటారు. ఆ తర్వాతివి 5-10, అలా కిందికి. దీనికే సెంట్రాలిటీ అని పేరు. పలాసలో డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని పప్పును గ్రేడు చేసేటప్పుడు పౌనుకు ఎన్ని తూగాయన్నది చూస్తారు కాబట్టి, అంకె పెరిగితే పప్పు చిన్నది. ఇక్కడా అంతే, శాతం పెరిగితే గుద్దు చిన్నది. కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. వరుస అడుగు చివర, 90 శాతం దాటాక, కేంద్రకాలు తగలకుండానే పక్కనుంచి పోతూ విద్యుత్ క్షేత్రంతో ఒకదాన్నొకటి కదిలించిన సంఘటనలు కలుస్తాయి. కాబట్టి 90 శాతం దగ్గర మేకు కొట్టి అక్కణ్నుంచి పైకి లెక్కపెడతారు.

ఎల్‌హెచ్‌సీలో భారీ అయాన్ల కోసమే పెట్టిన అలీస్ ప్రయోగం న్యూక్లియాన్ జతకు 2.76 టీఈవీ దగ్గర కొలిచిన అంకెలు చూడండి. 0-5 శాతం తరగతిలో పాల్గొన్న న్యూక్లియాన్లు సగటున 383. అడ్డ దిశకు చుట్టూ ఒక యూనిట్ సూడో ర్యాపిడిటీ వెడల్పులో ఆవేశమున్న కణాలు సుమారు 1,600. 70-80 శాతం తరగతిలో పాల్గొన్నవి 16 లోపు, కణాలు 35. పాల్గొన్న ఒక్కో జతకు పంచితే మొదటి దాంట్లో 8.4, రెండో దాంట్లో 4.4. ప్రతి జతా తన పని తాను చేసుకుపోతే రెండు చోట్లా ఒకే అంకె రావాలి. రెట్టింపుకు దగ్గరగా తేడా ఉంది కాబట్టి, నిండు తాకిడి అంటే చిన్న తాకిళ్ల మొత్తం అనుకోవడం కుదరదు. ఒక్కో న్యూక్లియాన్ పలుమార్లు తగలడం ఇందుకు ఒక కారణం.

సూడో ర్యాపిడిటీ అన్న మాట చూసి బెదరక్కర్లేదు. బీముతో ట్రాకు చేసే కోణంలో సగం తీసుకుని, దాని టాంజెంటుకు సహజ సంవర్గమానం కట్టి, గుర్తు మార్చాలి. 90 డిగ్రీలకు సున్నా, 10 డిగ్రీలకు 2.44, 1 డిగ్రీకి 4.74, డిగ్రీలో పదో వంతుకు 7.04. బీముకు దగ్గరయ్యే కొద్దీ కణాలు కిక్కిరిసిపోతాయి కాబట్టి ఆ ఇరుకును సాగదీసి చూపించే కొలబద్ద ఇది.

పాత ప్రోటాన్లు ఎక్కడికి పోయాయన్నదానికి కూడా అలీస్ అంకెల్లోనే జవాబు ఉంది. అదే 2.76 టీఈవీ, అదే 0-5 శాతం తరగతి, మధ్యలో ఒక యూనిట్ ర్యాపిడిటీ (సూడో ర్యాపిడిటీకి దగ్గరి కొలతే) వెడల్పు తీసుకుంటే ధన పయాన్లు 733, ధన కేయాన్లు 109, ప్రోటాన్లు 34, ప్రతిప్రోటాన్లు 33. ప్రోటాన్లూ ప్రతిప్రోటాన్లూ దాదాపు సమానం. సీసం తెచ్చిన ప్రోటాన్లు ఇక్కడ మిగిలి ఉంటే ప్రోటాన్ల వైపు మొగ్గు కనబడాలి. కనబడలేదంటే ఈ 34 దాదాపు అన్నీ కొత్తగా పుట్టినవే, పాతవి ముందు వైపుకో వెనుక వైపుకో పోయాయి. తక్కువ శక్తి దగ్గర ఇలా ఉండదు, పాత ప్రోటాన్లు మధ్యలోనే చిక్కుకుని ప్రతిప్రోటాన్లను మించిపోతాయి. ప్రోటాన్ కనబడితే అది పిక్కలోని పప్పా, గుద్దులో పుట్టిన పప్పా అన్నది యంత్రం శక్తిని బట్టి మారుతుందన్నమాట.

వేడి ఎప్పటిది?

పత్రికల్లో "లక్షల కోట్ల డిగ్రీల వేడి" అని వస్తుంటుంది. ఆ అంకె ఒకటి కాదు, కనీసం మూడు. ఏది ఎప్పటిదో తెలియకపోతే గందరగోళమే.

గుద్దుకున్న చోట మొదట ప్రోటాన్, న్యూట్రాన్ల లోపలి క్వార్కులు, వాటిని అంటించి ఉంచే గ్లూవాన్లు విడివిడిగా తిరిగే ద్రవం ఏర్పడుతుంది, అదే క్వార్క్-గ్లూవాన్ ప్లాస్మా. అది ఉబ్బుతూ చల్లారుతూ, ఉష్ణోగ్రత 156 ఎంఈవీ చుట్టుపక్కలకు దిగేసరికి మామూలు కణాలుగా గడ్డకడుతుంది. డిగ్రీల్లో అది 1.8 లక్షల కోట్లు. అరసవల్లిలో కొలువున్న సూర్యుడి గర్భంలో వేడి 1.5 కోట్ల డిగ్రీలు, దానికి లక్ష రెట్ల పైమాట. ఏ రకం కణాలు ఎన్ని అన్నది తేలిపోయేది ఈ ఘట్టంలోనే. పయాన్లకు కేయాన్లు ఎన్ని, ప్రోటాన్లు ఎన్ని అన్న నిష్పత్తుల నుంచే ఈ 156ను రాబడతారు. రకాలు ఖాయమయ్యాక కూడా కణాలు ఒకదానికొకటి తగులుకుంటూ ద్రవ్యవేగాలు మార్చుకుంటూనే ఉంటాయి. 100 ఎంఈవీ అటూ ఇటూ దిగాక అదీ ఆగిపోతుంది. డిటెక్టరులో కొలిచే ద్రవ్యవేగాలు ఈ రెండో ఘట్టానివి. మొత్తం కలిపి 10 ఫెర్మీల (ఒక ఫెర్మీ మీటరులో 10⁻¹⁵ వంతు) పైచిలుకు దూరాన్ని కాంతి దాటేంత సేపు. ఒక్క ఫెర్మీకి పట్టేది సెకనులో 3.3 × 10⁻²⁴ వంతు.

ద్రవ్యవేగాల గ్రాఫు వాలు నుంచి నేరుగా ఉష్ణోగ్రత చదివేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. ముద్ద మొత్తం బయటికి పరుగెడుతోంది, కణాలు ఆ పరుగును కూడా మోసుకొస్తాయి. అందాజు లెక్క వేద్దాం. అసలు ఉష్ణోగ్రత 100 ఎంఈవీ, పరుగు కాంతివేగంలో సగం అనుకుందాం. బరువులో సగాన్ని ఆ వేగం వర్గంతో గుణించి కలిపితే, పయాన్‌కు అదనంగా చేరేది 17 ఎంఈవీ, ప్రోటాన్‌కు 117. ఒకే ముద్ద నుంచి వచ్చినా పయాన్ 117 అని, ప్రోటాన్ 217 అని చెబుతాయి. ఏదీ నిజం కాదు. బరువు పెరిగే కొద్దీ వాలు ఎలా మారుతుందో కలిపి చూస్తేనే వేడి ఎంతో, పరుగు ఎంతో విడిపోతాయి. ఎల్‌హెచ్‌సీ నిండు తాకిళ్లలో సగటు పరుగు కాంతివేగంలో 0.65 వంతు దాకా ఉంది.

పరుగు అన్ని దిక్కులకూ సమానం కాదు. అరకొర తాకిడిలో రెండు కేంద్రకాలు కలిసిన భాగం గుండ్రంగా ఉండదు. జీడిపప్పు పోలిక ఇక్కడ పనికిరాదు, బాదం కావాలి. సన్నటి దిక్కున ఒత్తిడి వాలు ఎక్కువ, కాబట్టి అటువైపు కణాలు ఎక్కువగా, వేగంగా వెలువడతాయి. కణాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎగిరిపోతే ఈ మొగ్గు రాదు. అది వచ్చింది కాబట్టే ఆ ముద్ద వాయువులా కాక ద్రవంలా నడుస్తుందని చెప్పగలిగారు.

మూడో అంకె కాంతి కణాలది. ఫోటాన్లకు ఈ ద్రవంతో పెద్దగా లంకె లేదు, పుట్టగానే బయటికి వచ్చేస్తాయి. మొదటి క్షణాల కబురు మోసుకొచ్చేవి అవే. అలీస్ వాటి వాలును 300 ఎంఈవీ దగ్గర కొలిచింది. ఇందులోనూ పరుగు వల్ల వచ్చిన పెంపు ఉంది, పైగా అన్ని ఘట్టాల ఫోటాన్లూ కలగలిసి ఉన్నాయి. ఏ ఒక్క క్షణపు ఉష్ణోగ్రతా అది కాదు. ఈ కొలత కష్టమంతా వడకట్టడంలో ఉంది. తటస్థ పయాన్ పుట్టిన మరుక్షణమే రెండు ఫోటాన్లుగా విడిపోతుంది. వచ్చిన ఫోటాన్లలో అత్యధిక భాగం వాటి సంతానమే. తటస్థ పయాన్ల లెక్కలో కొద్ది శాతం తేడా వస్తే అసలు సరుకు మొత్తం కొట్టుకుపోతుంది.

ఇదే రకం కల్తీ ప్రోటాన్లలోనూ ఉంది. ప్రోటాన్ కంటే కాస్త బరువైన బేరియాన్, లాంబ్డా కణం, కొన్ని సెంటీమీటర్లు పోయి ప్రోటాన్‌గా, పయాన్‌గా విడిపోతుంది. ఆ ప్రోటాన్‌ను తాకిడి చోటే పుట్టిందని రాసుకుంటే లెక్క పెరిగిపోతుంది. ట్రాకును వెనక్కి పొడిగించి, అది తాకిడి బిందువును ఎంత ఎడంగా దాటుతుందో చూసి వీటిని ఏరేయాలి. దీన్ని చేతులతో చేసి చూడాలనుకునే డిగ్రీ విద్యార్థికి అలీస్ మాస్టర్‌క్లాస్ అభ్యాసాలు ఉన్నాయి. ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో కూర్చుని మామూలు కంప్యూటరు మీద వి ఆకారపు జత ట్రాకులను ఎంచి, వాటి బరువు గ్రాఫు గీస్తే లాంబ్డా 1,116 ఎంఈవీ దగ్గర శిఖరంలా లేస్తుంది.

అన్నిట్లోకీ కొరకరానిది డ్యూటెరాన్. ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసి 2.2 ఎంఈవీ బంధంతో నిలబడ్డ కేంద్రకం అది. 156 ఎంఈవీ వేడిలో అలాంటిది ఉందంటే కొలిమిలో వెన్నముద్ద దొరికినట్టు. అయినా డ్యూటెరాన్లు, హీలియం-3లు, వాటి ప్రతికేంద్రకాలు కూడా ఎల్‌హెచ్‌సీలో వెలువడుతున్నాయి. వాటి సంఖ్య ఆ 156 ఎంఈవీ లెక్కకే చక్కగా సరిపోతోంది. ఇంకో వాదం ప్రకారం అవి వేడిలో పుట్టనే లేదు. అంతా చల్లారి విడిపోయాక, ఒకే దిక్కుకు దాదాపు ఒకే వేగంతో పక్కపక్కన పోతున్న ప్రోటాన్, న్యూట్రాన్ చేయి కలుపుకున్నాయి. ఈ రెండో దారిలో లెక్క కట్టినా చాలా చోట్ల అంకె దాదాపు అక్కడికే వస్తుంది. రెండింటినీ విడదీయాలంటే తాకిడి సైజు మార్చి చూడాలి. డ్యూటెరాన్ కంటే ఇంకా వదులుగా, ఇంకా పెద్దగా ఉండే కేంద్రకం పుట్టే చోటు చిన్నదైతే, చేయి కలుపుకునే దారిలో దాని సంఖ్య గట్టిగా పడిపోవాలి, వేడి దారిలో అంతగా పడకూడదు. ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్‌కు లాంబ్డా ఒకటి అంటుకున్న హైపర్‌ట్రైటాన్ అలాంటిది. అందులో లాంబ్డాను పట్టి ఉంచే బంధం కొద్ది పదుల నుంచి వంద పైచిలుకు కేఈవీ (ఎంఈవీలో వెయ్యో వంతు) మాత్రమే. అందుకే సీసం తాకిళ్లతో పాటు ప్రోటాన్-సీసం, ప్రోటాన్-ప్రోటాన్ తాకిళ్లలో కూడా దాని కోసం వెతుకుతున్నారు.